గాజు కుండీలో లక్కీ బాంబూ



ఈ రోజుల్లో గృహప్రవేశానికి వెళితే, వచ్చిన బహుమతుల్లో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. గాజు గిన్నెలో గులకరాళ్ళు, కాసిన్ని నీళ్ళు, ఎర్ర రిబ్బనుతో కట్టిన పచ్చటి కాడలు. అదే లక్కీ బాంబూ. బ్యాంకు కౌంటరు మీద ఉంటుంది, డాక్టరుగారి బల్ల మీద ఉంటుంది, బట్టల దుకాణంలో క్యాషియరు పక్కన ఉంటుంది. ఇచ్చినవాళ్ళు ఒక భరోసా కూడా ఇచ్చి వెళతారు. "దీనికి పనేమీ ఉండదండీ, నీళ్ళు పోస్తే చాలు" అంటారు.

నీళ్ళు పోస్తే చాలన్నది నిజమే. కానీ ఏ నీళ్ళు, ఎన్ని నీళ్ళు, ఎన్నాళ్ళకొకసారి మార్చాలి అన్నది ఎవరూ చెప్పరు. ఈ మొక్క పచ్చగా ఉన్నా, పసుపెక్కి చచ్చిపోయినా, నూటికి తొంభై పాళ్ళు కారణం ఆ గిన్నెలోని నీళ్ళే. ఆ ఇంట్లో మనుషుల ఆరోగ్యానికీ ఆ నీళ్ళతో సంబంధం ఉంది. అందుకే ఈ చిన్న మొక్క గురించి ఇంతసేపు మాట్లాడాలనిపించింది.

ముందు మొక్కను పరిచయం చేసుకుందాం. ఇది వెదురు జాతిది కాదు. వెదురు గడ్డి కుటుంబానికి చెందినది. మన వరి, చెరకు, జొన్నలకు దగ్గరి చుట్టం. లక్కీ బాంబూ డ్రసీనా అనే ప్రజాతికి చెందినది. దాని పూర్తి శాస్త్రీయ నామం డ్రసీనా సాండేరియానా. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో ఆర్కిడ్ మొక్కల వ్యాపారం చేసిన హెన్రీ ఫ్రెడరిక్ కాన్రాడ్ సాండర్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. మొక్క పుట్టిల్లు ఆసియా కూడా కాదు, మధ్య ఆఫ్రికాలోని కామెరూన్, దాని చుట్టుపక్కల అడవులు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోను, తైవాన్‌లోను దీన్ని పెద్ద ఎత్తున పెంచి, ముక్కలుగా కోసి, ప్రపంచమంతటికీ పంపుతున్నారు. అదృష్టం, సంపద అనే మాటలు దాని వెంట అక్కడి నుంచే వచ్చాయి. ఎన్ని కాడలుంటే ఏ ఫలం అనే లెక్కలూ అక్కడివే. చైనీయులు నాలుగు కాడలు కట్టి ఇవ్వరు. వాళ్ళ భాషలో నాలుగు అన్న మాట, చావు అన్న మాట దాదాపు ఒకేలా వినిపిస్తాయి.

కాడ మీద గీతలు చూసి వెదురు కణుపులనుకుంటాం. అవి పాత ఆకులు రాలిన మచ్చలు. లోపల గుల్ల ఉండదు, గట్టిగా ఉంటుంది. అయితే గుల్లగా ఉందా లేదా అన్న ఒక్క గుర్తు పట్టుకుని తేల్చేయడానికి లేదు. మన కొండల్లో పెరిగే సాధన వెదురు కూడా పొడి నేలల్లో దాదాపు గట్టిగానే ఉంటుంది. లాఠీలకు దాన్ని వాడేది అందుకే. ఆకును చూడండి. వెదురు ఆకుకు సన్నటి కాడ ఉంటుంది. లక్కీ బాంబూ ఆకు మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది, కాస్త దళసరిగా, మెరుస్తూ ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని పిల్లిపీచర కుటుంబంలో చేర్చారు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపించే స్నేక్ ప్లాంటును కూడా జన్యు పరిశీలనల తరువాత ఈ డ్రసీనా ప్రజాతిలోనే కలిపారు. మన ఊళ్ళలో నారకోసం ఎరిగున్న చాగ మొక్క కూడా ఆ స్నేక్ ప్లాంటు బృందంలోదే. పూర్వం వింటినారి పేనింది ఆ నారతోనే. ఆఫ్రికా నుంచి చైనా మీదుగా మన హాల్లోకి వచ్చిన మొక్కకు మన చేలగట్ల మీద బంధువులున్నారన్నమాట. ఈ సంగతి తెలిశాక నాకు ఆ గాజు గిన్నె మీద ఇష్టం పెరిగింది.

ఈ పరిచయం వల్ల ఒక ప్రయోజనం ఉంది. వెదురు అనుకున్నవాళ్ళు దీన్ని ఎండలో పెడతారు. వెదురుకు ఎండ కావాలి మరి. ఇదేమో పెద్ద చెట్ల కింద, నీడలో పెరిగిన అడవి మొక్క. మే నెల ఎండ నేరుగా తగిలితే ఒక్క మధ్యాహ్నంలో ఆకులు తెల్లబారి కాలిపోతాయి. అలాగని చీకటి మూల పెడితే కాండం సన్నబడి, ఆకుల రంగు వెలిసిపోతుంది. కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో, పగటిపూట దీపం వేయకుండా పేపరు చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే సరిపోతుంది. తూర్పు కిటికీ అయితే మరీ మంచిది. అడవి నీడలో గాలి తేమగా, వెచ్చగా ఉంటుంది కాబట్టి మన కోస్తా వాతావరణం దీనికి బాగా సరిపడుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలేచోట మాత్రం పెట్టవద్దు. ఆకు అంచులు ఎండిపోతాయి.

కొన్ని కాడలు స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటాయి చూడండి, అది కూడా వెలుతురుతో చేసిన పనే. మొక్కకు మూడు వైపులా వెలుగు రాకుండా కట్టి, ఒక్క వైపే వదులుతారు. కాండం ఆ వైపుకు వంగుతుంది. కాస్త వంగగానే మొక్కను తిప్పుతారు. మళ్ళీ వంగుతుంది. ఇలా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, ఓపికగా తిప్పుతూ పెంచితేనే ఆ మెలిక వస్తుంది. అందుకే మెలిక కాడల ధర ఎక్కువ. మన ఇంటికి వచ్చాక కొత్తగా వేసే చివుళ్ళు మాత్రం నిటారుగానే పెరుగుతాయి. మొక్క చెడిపోయిందని కంగారుపడకండి.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మొక్క బాగానే ఉంది, కొత్త ఆకులూ వస్తున్నాయి, కానీ ఆకుల కొసలు మాత్రం గోధుమరంగుకు తిరిగి ఎండిపోతున్నాయి, ఎందుకు? నీళ్ళు తక్కువయ్యాయని గిన్నె నిండా పోస్తారు. అప్పటికీ తగ్గదు. చాలా ఇళ్ళలో దీనికి కారణం నీటిలోని ఫ్లోరైడ్. డ్రసీనా ప్రజాతిలో చాలా మొక్కలు ఫ్లోరైడ్‌ను తట్టుకోలేవు. వేరు పీల్చిన నీరు కాండం గుండా ఆకుకు చేరి, అక్కడి నుంచి ఆవిరై పోతుంది. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, ఆకులోనే ఉండిపోతుంది. నీటి ప్రవాహం చివరకు చేరేది ఆకు కొసకు కనుక అక్కడే పోగుపడుతుంది, అక్కడే కణాలు చచ్చిపోతాయి. అందుకే ముందు కొస, ఆ తరువాత అంచులు.

ఫ్లోరైడ్ అన్న మాట తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఆ నీళ్ళతో ఎముకలు వంగిపోవడాన్ని మన దేశంలో వైద్యులు మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దాని గురించి రాశారు. ఆ తరువాత నల్గొండ బాధ దేశమంతా తెలిసింది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా నల్గొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. డ్రసీనాకు అంత కూడా పనికిరాదు. లీటరుకు పావు మిల్లీగ్రాము దాటితే చాలు, సున్నితమైన మొక్కల ఆకుల మీద మచ్చలు రావచ్చు. అంటే మనిషికి హాని చేయని నీరు కూడా ఈ మొక్క కొసలను కాల్చగలదు.

ఇక్కడ ఒక సలహాను సరిచేయాలి. కుళాయి నీళ్ళు రాత్రంతా బకెట్టులో ఉంచి మర్నాడు పోయండి, దోషం పోతుంది అంటూ ఉంటారు. ఆ పద్ధతి క్లోరిన్‌కు పనిచేస్తుంది. మునిసిపాలిటీ నీళ్ళలో కలిపే క్లోరిన్ మూత లేకుండా ఉంచితే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ఫ్లోరైడ్ అలా పోయేది కాదు. కాచినా పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. గిన్నెలో నీళ్ళు తగ్గినప్పుడల్లా పాత నీళ్ళు పారబోయకుండా మీద బోరు నీళ్ళు కలుపుతూ పోతే జరిగేది ఇదే.

మరి ఏ నీళ్ళు పోయాలి? అన్నిటికంటే మంచివి వాననీళ్ళు. వానాకాలంలో మేడ మీద శుభ్రమైన బిందె పెట్టి, మొదటి జల్లు వదిలేసి ఆ తరువాతి నీళ్ళు పట్టి, బిగుతుగా మూత ఉన్న డబ్బాల్లో దాచుకోండి. మూత మాత్రం మరచిపోవద్దు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. వాననీళ్ళు లేకపోతే ఇంట్లో ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీళ్ళు. ఈ మొక్కకు వారానికి కావలసింది ఒక గ్లాసుడో రెండు గ్లాసులో. నదుల నుంచి కుళాయిలకు వచ్చే నీళ్ళలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువే ఉంటుంది. కాబట్టి ఆ కుళాయి ఉన్న ఇళ్ళవాళ్ళు దాన్ని రాత్రంతా ఉంచి వాడుకోవచ్చు. బోరు నీళ్ళ మీద ఆధారపడే అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు, ఫ్లోరైడ్ ఉన్న జిల్లాలవాళ్ళు బోరు నీళ్ళను దీనికి అసలు పోయవద్దని నా మనవి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. అక్కడ చాలా ఊళ్ళలో పళ్ళు పుచ్చిపోకుండా కుళాయి నీళ్ళలో లీటరుకు 0.7 మిల్లీగ్రాముల చొప్పున ఫ్లోరైడ్ కలుపుతారు. అలాంటి ఊళ్ళలో ఆకుల కొసలు ఎండుతున్నాయంటే కారణం అదే కావచ్చు. దానికి తోడు చలికాలంలో హీటరు గాలి.

ఎన్ని నీళ్ళు అన్నదానికి జవాబు తేలిక. వేళ్ళు మునగాలి, అంతే. కాడ సగం దాకా నీళ్ళలో నిలబెడితే వేరు లేనిచోట కాండం మెత్తబడుతుంది. గులకరాళ్ళు కాడను నిలబెట్టడానికే, వేళ్ళకు వాటితో పనిలేదు. ఆరోగ్యంగా ఉన్న వేళ్ళు ఎర్రగా, నారింజ రంగులో ఉంటాయి. ఆ రంగు చూసి రోగమనుకుని వేళ్ళు కత్తిరించేసేవాళ్ళున్నారు. వద్దు. నల్లగా, జిగటగా, వాసన కొడుతూ ఉంటేనే అది కుళ్ళు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెబుతాను. 2001 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ రేవులో చైనా నుంచి వచ్చిన ఓడ సరుకును తనిఖీ చేస్తున్నారు. అందులో లక్కీ బాంబూ ఉంది. అంతకుముందు ఈ కాడలను పొడిగా, విమానంలో పంపేవారు. ఖర్చు తగ్గుతుందని ఓడల్లో పంపడం మొదలుపెట్టారు. ప్రయాణం రోజులు ఎక్కువ కాబట్టి కాడలు వాడిపోకుండా పెట్టెల అడుగున కొద్దిగా నీళ్ళు పోశారు. కంటెయినరు తలుపు తీయగానే దోమలు బయటికి ఎగిరాయి. అవి ఆసియా పులిదోమలు. నల్లటి ఒంటి మీద తెల్లటి చారలుండే ఏడిస్ జాతి దోమలు. డెంగీనీ, చికున్‌గున్యానీ మోసేవి. ఆ మొక్కలు చేరిన నర్సరీల్లో వెతికితే అక్కడా దోమలు దొరికాయి. నిలవ నీటిలో పెట్టి లక్కీ బాంబూ పంపడాన్ని అమెరికా ప్రభుత్వం ఆపించింది. 2005లో నెదర్లాండ్స్‌లోనూ ఇదే మొక్కను దిగుమతి చేసుకున్నవారి గ్రీన్‌హౌసుల్లో ఇదే దోమ కనిపించింది.

సముద్రాలు దాటి వెళ్ళగలిగిన దోమకు మన హాల్లోని గాజు గిన్నె ఎంత దూరం? ఏడిస్ దోమకు మురుగు నీళ్ళతో పనిలేదు. శుభ్రమైన, కదలని నీళ్ళు, కాస్త నీడ ఉంటే చాలు. లక్కీ బాంబూ గిన్నెలో ఆ రెండూ ఉన్నాయి. గుడ్డు నుంచి రెక్కలొచ్చిన దోమ అయ్యేదాకా మన వేడికి వారం నుంచి పది రోజులు పడుతుంది. కుట్టేదేమో పగటిపూట. అంటే కిందటి వారం మార్చని నీళ్ళలో పుట్టిన దోమ ఈ వారం పక్క సోఫాలో హోంవర్కు చేసుకుంటున్న పిల్లను కుట్టగలదు. 2005, 2006 సంవత్సరాల్లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మన పల్లెల్లో ఇంటింటా మనుషులు కీళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడిచిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. డెంగీ ప్రతి వానాకాలమూ వస్తూనే ఉంది.

కాబట్టి వారానికొక్కసారి నీళ్ళు మార్చడం తప్పనిసరి. ఆరోగ్య శాఖవారు శుక్రవారం డ్రై డే అని చెబుతారు కదా, కూలరు, డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేసే ఆ రోజే ఈ గిన్నెనూ కలిపేసుకోండి. అయితే నీళ్ళు ఒంపేస్తే సగం పనే అయినట్టు. ఏడిస్ దోమ గుడ్లను నీళ్ళలో వదలదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గిన్నె గోడకు అంటిస్తుంది. నల్లటి చుక్కల్లా, కంటికి ఆనీ ఆననంత చిన్నగా ఉంటాయి. నీళ్ళు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకని గిన్నె లోపలి గోడను పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా తోమాలి. గులకరాళ్ళను బయటికి తీసి, రుద్ది కడిగి, వీలైతే ఎండలో ఆరబెట్టాలి. పాత నీళ్ళను సింకులో పోయకుండా ఎండ తగిలే పొడి నేల మీద పారబోయండి. వానాకాలంలో గిన్నె మూతికి కాడల చుట్టూ పాత నైలాన్ దోమతెర ముక్క కట్టినా మంచిదే. ఇందాక వాననీళ్ళ డబ్బాకు మూత అన్నది కూడా ఇందుకే.

నేనైతే ఇంకో అడుగు ముందుకు వేసి, మీ లక్కీ బాంబూను నీళ్ళలోంచి తీసి మట్టిలో నాటమంటాను. గాజు గిన్నెలో ఉన్న అందం కొంత పోతుంది, ఒప్పుకుంటాను. కానీ దోమల బెడద దాదాపు ఉండదు. మొక్కకు తిండి దొరుకుతుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. అడవిలో అది మట్టిలో పెరిగిన మొక్కే కదా, నీళ్ళలో నిలబెట్టింది మనం. అడుగున చిల్లు ఉన్న చిన్న కుండీ తీసుకోండి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, కాస్త ఇసుక, గుప్పెడు వర్మీ కంపోస్టు కలపండి. నీరు నిలవకుండా దిగిపోయే మట్టి కావాలి. నాటాక మొదటి రెండు మూడు వారాలు మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచాలి. ఎందుకంటే నీటికి అలవాటుపడిన మొక్క మట్టిని తట్టుకునే కొత్త వేళ్ళు వేయడానికి ఆ సమయం పడుతుంది. ఆ తరువాత పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్ళు. రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. మొక్క కదా అని చేతికందిన సూపర్ ఫాస్ఫేట్ వేయకండి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, మళ్ళీ ఆకుల కొసల కథ మొదలవుతుంది. కుండీ కింద ప్లేటు పెడితే అందులో నిలిచిన నీటిని కూడా ఒంపేస్తూ ఉండాలి. ఏడిస్‌కు ఆ ప్లేటు చాలు.

నీళ్ళలోనే పెంచాలనుకునేవారు ఎరువు సంగతి కొంచెం తెలుసుకోవాలి. వాననీళ్ళలో, ఆర్‌ఓ నీళ్ళలో పోషకాలు ఉండవు. నర్సరీలో దొరికే ద్రవ ఎరువును సీసా మీద చెప్పిన మోతాదులో పదో వంతుకు పలచన చేసి, రెండు నెలలకొకసారి నీళ్ళు మార్చినప్పుడు కలిపితే చాలు. ఎక్కువైతే వేళ్ళు మాడతాయి. వర్మీ కంపోస్టు, పేడ నీళ్ళు, బియ్యం కడుగు నేల మీది మొక్కలకు బాగుంటాయి గానీ గాజు గిన్నెలో వేస్తే రెండో రోజుకే కుళ్ళి వాసన కొడతాయి. గిన్నె గోడలకు పచ్చగా పాకుడు పడుతుంటే వెలుతురు నీళ్ళలోకి నేరుగా వెళుతోందని అర్థం. గాజు తీసేసి పింగాణీ కుండీలోకి మార్చండి. పాకుడు దానంతట అదే తగ్గిపోతుంది.

ఆకు ఒకటి కిందివైపు పసుపెక్కి రాలితే చింతించనక్కరలేదు, వయసైన ఆకు అది. కాండమే పసుపెక్కితే మాత్రం జాగు చేయకూడదు. పసుపెక్కిన కాండం మళ్ళీ పచ్చబడదు. రిబ్బను విప్పి ఆ కాడను వెంటనే వేరు చేయండి. పక్కవాటికి కుళ్ళు అంటుతుంది. కట్టలో కాడలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, రిబ్బను కింద తడి నిలుస్తుంది. కుళ్ళు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అందుకే ఇంటికి తెచ్చిన రోజే ఆ రిబ్బనును వదులు చేయమని నేను అందరికీ చెబుతాను.

పై భాగంలో పచ్చటి పిలక మిగిలి ఉంటే దాన్ని కాపాడుకోవచ్చు. మరిగే నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పదునైన చాకుతో, పసుపు తగలని చోట, గీతకు కాస్త కిందగా కోయండి. శుభ్రమైన నీళ్ళలో నీడపట్టున పెడితే కొన్ని వారాల్లో ఎర్రటి వేళ్ళు వస్తాయి. కాడ పైకొనకు మైనం పూసి ఉండటం గమనించే ఉంటారు. కోసినచోట తడి ఆరిపోకుండా, కుళ్ళు దిగకుండా పెట్టిన మూత అది. కోసిన కాడ ఇక పొడవు పెరగదు, పక్క మొగ్గల నుంచి పిలకలు మాత్రమే వేస్తుంది. మీరు కోసినప్పుడు కూడా పైకొనకు కొవ్వొత్తి మైనం ఒక చుక్క వేయండి.

ఈ మొక్క ఇంట్లో గాలిని శుభ్రం చేస్తుందని అమ్మేవాళ్ళు గట్టిగా చెబుతున్నారు. ఆ మాటకు మూలం 1989లో నాసా కోసం జరిగిన ప్రయోగాలు. గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలను పెట్టి చేసినవి అవి. డ్రసీనాల్లో కొన్ని రకాలు ఆ ప్రయోగాల్లో ఉన్నాయి. ఆ తరహా ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి 2019లో అమెరికా పరిశోధకులు మళ్ళీ లెక్క వేశారు. మామూలు ఇంట్లో తలుపులు, కిటికీల గుండా మారే గాలికి సమానంగా మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు, ఒక్కోసారి 1000 దాకా కావాలని తేలింది. గాలి కోసం కిటికీ తీద్దాం. మొక్కను దాని పచ్చదనం కోసం పెంచుకుందాం, అది చాలదా?

చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్ళవాళ్ళకు రెండు జాగ్రత్తలు. డ్రసీనా ఆకుల్లో సపోనిన్లు అనే పదార్థాలుంటాయి. పిల్లి గానీ కుక్క గానీ నమిలితే వాంతులు చేసుకుంటుంది, చొంగ కారుస్తుంది. పిల్లులకు అందని ఎత్తులో పెట్టండి. మన్యంలో వెదురు కొమ్ములు కూర వండుకుంటారు కదా అని దీని చివుళ్ళను ఎవరూ వండకూడదు, అది వేరు, ఇది వేరు. రెండో జాగ్రత్త గిన్నెలో వేసే రంగు జెల్ గోళీల గురించి. నీళ్ళు పీల్చి ఉబ్బే గోళీలవి. మిఠాయి అనుకుని పసివాళ్ళు మింగితే కడుపులోకి వెళ్ళాక కూడా ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. ఆపరేషను దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ గోళీలు ఉండనే కూడదు. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా సరే, అవి తీసేసి మామూలు గులకరాళ్ళు వేయండి. గులకరాళ్ళు కూడా పిల్లల నోట పట్టనంత పెద్దవై ఉండాలి.

ఇంకా ఒక్క సందేహం మిగిలింది, పండక్కి ఊరెళితే ఎలా? సంక్రాంతికి వారం, వేసవి సెలవులకు నెల. మట్టిలో ఉన్న మొక్కయితే బయలుదేరే రోజున నిండుగా తడిపి, ఎండ పడని గదిలో పెట్టి వెళ్ళండి, పది పదిహేను రోజులు ఓర్చుకుంటుంది. అంతకు మించితే ఇరుగుపొరుగు చేతికి ఇవ్వాలి. నీళ్ళలో ఉన్నదాన్ని మాత్రం వారం దాటితే ఇంట్లో వదలవద్దు. గిన్నె నింపి, తాళం వేసి వెళితే మొక్క బతికే ఉంటుంది, దోమలూ పుట్టి ఉంటాయి. పక్కింటివారికి అప్పగించేటప్పుడు ఒక వాననీళ్ళ డబ్బా, ఒక బ్రష్షు కూడా ఇచ్చి, శుక్రవారం అని గుర్తుచేయండి.